మాస్టారి జవాబులు: పెళ్లిపీటల మీద కూర్చునే అబ్బాయికి

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మాది భీమవరం, ఉద్యోగం హైదరాబాద్‌లో. వచ్చే మాఘమాసంలో నా పెళ్లి. ఈమధ్యే మా పెదనాన్నగారి అబ్బాయి పెళ్లయింది. 'అన్నయ్యా, ఆ రోజు ఏం గుర్తుంది నీకు?' అని అడిగితే, 'ఫోటోగ్రాఫర్ ఇటు చూడండి, అటు చూడండి అన్నది తప్ప ఏం గుర్తులేదురా' అన్నాడు. నాకు అలా కాకూడదని ఉంది. మీ పెళ్లి రోజు మీకు ఎంతవరకు గుర్తుంది? నేను ఏం చేస్తే బాగుంటుంది?
– వి.ఎస్., కూకట్‌పల్లి

జవాబు: బాబూ, చాలావరకు గుర్తుంది. ఎందుకు గుర్తుందో కూడా చెబుతాను. పెళ్లికి ముందు మా నాన్నగారు నన్ను మా పురోహితులుగారి ఇంటికి పంపించారు. 'రేపు పీటల మీద నువ్వు ఏం చేస్తావో, ఏం పలుకుతావో ముందే తెలుసుకునిరా' అన్నారు. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి, స్నాతకం నుంచి నాగవల్లి దాకా ఏది తరవాత ఏదో, ఎందుకో చెప్పారు. ఒక నోటుపుస్తకం కాగితం మీద రాసి కూడా ఇచ్చారు. అందుకని ఆ రాత్రి ఏ ఘట్టం వచ్చినా నాకు ముందే తెలిసిన చుట్టం వచ్చినట్టే అనిపించింది.

నా పెళ్లి 1982లో, దుందుభి నామ సంవత్సరం వైశాఖంలో. మాది ద్రాక్షారామం దగ్గర పల్లె. ఆడపెళ్లివారిది అయినవిల్లి దగ్గర. మధ్యలో గౌతమీ గోదావరి. యానాం – ఎదుర్లంక వంతెన 2002లో వచ్చింది. అప్పట్లో మాకు దగ్గర దారి కోటిపల్లి రేవు, అక్కడినుంచి పడవ మీద ముక్తేశ్వరం. కోటిపల్లికి రైలు కూడా ఉండేది కాదు. యుద్ధం రోజుల్లో 1940లో పీకేసిన పట్టాలు మళ్లీ వేసి రైలు నడిపింది 2004లో.

పొద్దున్నే ఇంట్లో నన్ను పెళ్లికొడుకుని చేశారు. మా మేనత్త నలుగు పెట్టి తలంటు పోసింది. పారాణి పెట్టి, బుగ్గన చుక్క దిద్ది, ఎండ పొద్దెక్కకముందే బయల్దేరమని అందరినీ తొందర పెట్టింది. అయినా పెళ్లివారు అనుకున్న వేళకి బయల్దేరడం ఎక్కడైనా ఉందా! కోటిపల్లి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. వేసవి గోదావరి, పైగా సముద్రం పాటు మొదలై నీళ్లు తీస్తున్నాయి. నడి ఏట్లో మా పడవ ఇసుక మేటకి తగులుకుంది. పడవవాళ్లతో పాటు మా బాబాయిలు, బావలు పంచెలు ఎగ్గట్టి నీళ్లలోకి దిగారు. ఆడవాళ్లు ట్రంకుపెట్టెలు తడుస్తాయేమోనని ఒళ్లో పెట్టుకున్నారు. నేనూ దిగబోతే మా అమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది, పెళ్లికొడుకు దిగకూడదని. సన్నాయి ఆయన మాత్రం ఏమీ తొందరపడలేదు. పీక సవరించుకుని, పడవ కదిలేదాకా వాయిస్తూనే ఉన్నాడు. తోసేవాళ్లకి అదే ఊపు అయింది.

ముక్తేశ్వరం రేవులో మా మామగారు పానకం బిందెలతో ఎదురుసన్నాహానికి నిలబడి ఉన్నారు. ఎప్పటినుంచి ఉన్నారో, మొహమంతా ఎండకి కమిలిపోయింది. ఆలస్యమైందని ఒక్క మాట అనలేదు. 'పిల్లలెవరైనా తడిశారా? ముందు తువ్వాళ్లు తెండి' అన్నారు. ఆయన్ని గురించి నాకున్న మొదటి జ్ఞాపకం ఈ మాటే. తరవాత ఆయన బతికి ఉన్నన్నాళ్లూ నేను చూసిన మనిషి కూడా అదే మనిషి.

విడిది ఎలిమెంటరీ స్కూల్లో. వేసవి సెలవులు కదా, బల్లలు జరిపి చాపలు వేశారు. గోడ మీద ఆంధ్రప్రదేశ్ పటం కింద నాకు స్నాతకం జరిగింది. నేను అప్పటికే జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచర్ని, బడిలో కూర్చోవడం నాకు మామూలే. ఆ రోజు మాత్రం సుద్దముక్క వాసన కొత్తగా ఉంది. స్నాతకం అయ్యాక గొడుగు, కర్ర, పావుకోళ్లతో కాశీయాత్ర. అడ్డం పడి ఆపాల్సింది మా బావమరిది. వాడికి అప్పుడు ఏడో తరగతి. గడ్డం కింద బెల్లం ముక్క పెట్టి, నేర్పిన మాటే చెప్పాడు: 'బావగారూ, కాశీ వెళ్లకండి, మా అక్కని చేసుకోండి.' నేర్పనిది ఇంకొకటి చేశాడు. నా గొడుగు కర్ర రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వదలలేదు. అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. వాడు నిజంగానే నన్ను ఆపుతున్నాడు.

ముహూర్తం రాత్రి పదకొండు దాటాక. ఇక్కడ నీకు నెమ్మదిగా చెప్పాలి.

పీటల మీద కూర్చోగానే మామగారు, అత్తగారు నా కాళ్లు కడిగారు. ఇత్తడి పళ్లెంలో నా పాదాలు. అత్తగారు చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆయన వంగి కడుగుతున్నారు. ఆయన మా నాన్నగారి కంటే పెద్ద. నాకు పాతికేళ్లు. కాళ్లు వెనక్కి తీసుకోవాలనిపించి కదిలాను. పురోహితులుగారు చెవి దగ్గరికి వంగి, 'కదలకు. ఆయన ఇప్పుడు నిన్ను లక్ష్మీనారాయణ స్వరూపంగా చూస్తున్నారు. ఆ చూపుకు తగ్గట్టు ఉండటం ఇకమీద నీ పని' అన్నారు. పెళ్లిలో నన్ను బాగా కదిలించింది ఆ ఘట్టం. పెళ్లికొడుకు గొప్పవాడు కాబట్టి కాళ్లు కడుగుతారని కొందరు అనుకుంటారు. నాకు అలా అనిపించదు. ఒక పెద్దమనిషి తన పిల్ల కోసం అంత దూరం వంగాడంటే, ఆయన పెట్టిన ఆ బరువు జన్మంతా మొయ్యాలి. మాట తూలే అధికారం ఇక అల్లుడికి ఉండదు.

ముత్తాత, తాత, తండ్రి పేర్లతో రెండువైపులా ప్రవర చెప్పారు. ధర్మంలో, సంపాదనలో, కోరికలో ఈమెను దాటి వెళ్లకూడదని మామగారు అడిగితే, 'నాతిచరామి' అని నేను పలకాలి. మేళం చప్పుడులో అది నాకే వినపడాలని గట్టిగా చెప్పాను. నువ్వు కూడా గట్టిగా చెప్పు బాబూ. గొణగవద్దు.

తర్వాత తెర. పసుపుతో స్వస్తిక్ రాసిన కొత్త పంచె. మేనమామలు అమ్మాయిని బుట్టలో ఎత్తుకొచ్చి అవతల కూర్చోబెట్టారు. తెర కిందనుంచి నాకు ఆమె కాలి పారాణి, పట్టుచీర అంచు మాత్రమే కనిపిస్తున్నాయి. గాజులు ఆగి ఆగి చప్పుడు చేస్తున్నాయి. సరిగ్గా ముహూర్తానికి, తమలపాకులో పెట్టిన జీలకర్ర బెల్లం ఆమె నడినెత్తిన పెట్టి అదిమాను. ఆమె చెయ్యి నా తల మీద ఉంది. వణుకుతోంది. గట్టిమేళం, అక్షింతలు, ఎవరో చంటిపిల్ల ఏడుపు, అన్నీ ఒక్కసారే. వైశాఖపు ఉక్కకి బెల్లం కరిగి చెవి వెనకనుంచి మెడ మీదికి కారింది. తెర తీయగానే కనుబొమల మధ్య చూడమన్నారు. చూశాను. పెళ్లిచూపుల్లో తల దించుకుని కూర్చున్న అమ్మాయి ఇప్పుడు తిన్నగా నావైపు చూస్తోంది. చేతి వణుకు కూడా తగ్గింది.

ఇప్పటికీ జీలకర్ర వేయించిన వాసన తగిలితే నాకు ఆ చెయ్యి గుర్తొస్తుంది. అందుకే ఫోటోల గురించి గట్టిగా చెబుతున్నాను. మా పెళ్లిలో నలుపు తెలుపు ఫోటోలు ఒక ఆల్బమ్‌కి సరిపడా ఉన్నాయి. రీలు ఖరీదు కాబట్టి ఫోటో తీసే ఆయన ఆచితూచి తీశాడు. జీలకర్ర బెల్లం ఫోటోలో మా ఇద్దరి మొహాలూ కనపడవు, పక్కనున్న మా మేనమామ వీపు కనిపిస్తుంది. ఆ ఫోటో నాకు చాలా ఇష్టం. నువ్వు మీ ఫోటోగ్రాఫర్‌తో ముందే మాట్లాడుకో. జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, సప్తపది, ఈ మూడింటి దగ్గర ఆపకూడదు, మళ్లీ చేయించకూడదు, పురోహితుడికీ మీకూ మధ్యలోకి రాకూడదు. తలంబ్రాల దగ్గర ఆయన ఇష్టం. నీ ఫోను మాత్రం తమ్ముడికి ఇచ్చెయ్.

మూడు ముళ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. పసుపుతాడు తడిగా ఉండి జారుతుంటే మా చెల్లెలు వెనకనుంచి జడ ఎత్తి పట్టుకుంది. తలంబ్రాల్లో నేను ఓడిపోయాను. అప్పటిదాకా నోరు మెదపని అమ్మాయి దోసిలి నిండా పోసి నవ్వేసింది. నేను విన్న ఆమె మొదటి నవ్వు అదే. మధ్యలో కరెంటు పోయింది. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులోనే హోమం సాగింది.

ఆ తర్వాత అరుంధతి. పందిట్లోనుంచి ఆకాశం వైపు వేలు చూపించి కానిచ్చేస్తుంటారు చాలాచోట్ల. మా పురోహితులుగారు ఒప్పుకోలేదు. కొబ్బరిచెట్లు అడ్డం ఉన్నాయని కొంగుముడితోనే మమ్మల్ని కాలవగట్టు మీదికి నడిపించారు. ఆ వేళకి సప్తర్షి మండలం వాయవ్యానికి వాలి ఉంది. తోకలో మధ్య నక్షత్రం వశిష్ఠుడు, దాన్ని ఆనుకుని సన్నగా మెరిసేది అరుంధతి. సైన్సు మాస్టార్ని నేను. ఆమె ముందు చూసింది. 'అదిగోండి, పక్కనే' అని నాకు చూపించింది. నాతో ఆమె మాట్లాడిన మొదటి మాట. ఆ రెండూ మనకు దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. ఆ సంగతి తరవాత ఎన్నో తరగతుల పిల్లలకి చెప్పాను, ప్రతిసారీ కాలవగట్టు తలుచుకునే చెప్పాను. నీ ముహూర్తం పగలైతే ఆ రాత్రి అయినా ఇద్దరూ డాబా ఎక్కి ఆ నక్షత్రాలు ఎక్కడున్నాయో వెతుక్కోండి. మాఘంలో అవి చీకటి పడగానే కనపడవు, బాగా పొద్దుపోయాక ఈశాన్యంలో లేస్తాయి.

భోజనాల సంగతి రాయకపోతే మా కోనసీమవాళ్లు ఊరుకోరు. పనసపొట్టు ఆవపెట్టిన కూర, కంద బచ్చలి, మామిడికాయ పప్పు, బూరెలు. బంతిలో కూర్చున్న మగవాళ్లందరి నోటా ఒకటే మాట, ఎన్టీఆర్ పార్టీ. మార్చి 29న తెలుగుదేశం ప్రకటించి అప్పటికి రెండు నెలలైనా కాలేదు. నెయ్యి వడ్డించేవాళ్లు కూడా ఆగి వాదనలో దిగేవారట. నేను చూడలేదు, మా తమ్ముడు చెప్పాడు.

అప్పగింతల్లో ఆమె చేతులు పాలలో ముంచి మా అమ్మ చేతిలో పెట్టారు. మామగారికి మాట రాలేదు. అత్తగారే చెప్పారు, 'దీనికి వేడన్నం ఇష్టం, చల్దన్నం తినదు' అని. అప్పగింతల్లో ఇంకెవరూ అలాంటి మాట చెప్పగా వినలేదు. మా అమ్మ అది చివరిదాకా గుర్తుపెట్టుకుంది.

మా ఆవిడని అడిగితే ఇవేవీ ముందు చెప్పదు. గౌరీపూజ గదిలో ఉక్కపోత, బుట్టలో బియ్యం గుచ్చుకోవడం, ఎత్తుతున్న చిన్న మేనమామకి నడుంనొప్పి ఉందని తనకు తెలుసు కాబట్టి ఆయన ఏమైపోతాడోనన్న భయం. ఒకే పందిట్లో ఇద్దరికీ రెండు పెళ్లిళ్లు జరిగాయన్నమాట. కాబట్టి నీకు చెప్పే చివరి మాట: పెళ్లయిన వారంలోపే ఇద్దరూ కూర్చుని, ఎవరికి ఏది గుర్తుందో చెప్పుకుని ఒక పుస్తకంలో రాసుకోండి. మేము రాసుకోలేదు. చెప్పుకుంటూనే ఉన్నాం కాబట్టి నిలిచింది.

ప్రశ్న: మాస్టారుగారికి నమస్కారాలు. మా అబ్బాయికి పెళ్లి కుదిరింది. అమ్మాయి వాడికి నచ్చిందే. కానీ రోజులు దగ్గరపడేకొద్దీ ముభావంగా ఉంటున్నాడు, సరిగ్గా తినడం లేదు. అడిగితే 'ఏం లేదమ్మా' అంటాడు. నాకు టెన్షన్‌గా ఉంది.
– ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, పెళ్లికూతురు కంటతడి పెడితే చుట్టూ పదిమంది చేరతారు. పెళ్లికొడుకు దిగులు పడితే ఎవరికీ కనపడదు, కనపడనివ్వడు కూడా. అద్దె, జీతం, అమ్మాయి సర్దుకుంటుందో లేదో, అమ్మ నొచ్చుకుంటుందేమో... వాడి బుర్రలో తిరిగేవి ఇలాంటివే అయ్యుంటాయి. మా పడవ ఇసుకలో ఆగినప్పుడు మా నాన్నగారు వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. 'నా పెళ్లినాడు నాకూ కడుపులో తిప్పింది. మీ అమ్మకి ఇప్పటిదాకా చెప్పలేదు' అన్నారు. అంతే. నాకు గుండె తేలికపడింది.

మీరు వాణ్ణి ప్రశ్నలు అడగడం ఆపండి. వాళ్ల నాన్నగారినో, మేనమామనో, ఈమధ్యే పెళ్లయిన బావనో వాడితో ఒక పూట బయటికి పంపండి. 'నువ్వెలా ఉన్నావు' అని అడగకుండా, తాము ఎలా ఉన్నారో వాళ్లనే చెప్పమనండి. ఒక్కటి మాత్రం చూడండి. ఆ ముభావం వెనక 'ఈ పెళ్లి వద్దు' అన్న మాట గానీ, కట్నం విషయంలో వాడికి నచ్చనిది గానీ ఉంటే అది ఇప్పుడే బయటికి రావాలి. 1961 నుంచి వరకట్నం నేరం. చట్టం సంగతి అలా ఉంచినా, నచ్చని బేరం మధ్య పీటల మీద కూర్చున్న కుర్రాడికి ఆ రోజు ఏ సంతోషమూ మిగలదు. నిద్ర కూడా పూర్తిగా పోయిందంటే డాక్టరుకు చూపించడానికి మొహమాటపడకండి.

ప్రశ్న: మా అక్క పెళ్లిలో పుస్తెలు కట్టాక భోజనాలకు ఆలస్యమవుతోందని సప్తపది వదిలేశారు. ఫంక్షన్ హాల్ టైమ్ కూడా అయిపోయింది. ఇప్పుడు నా పెళ్లి. 'ఫోటోకి నాలుగు అడుగులు వేస్తే చాలు' అంటున్నారు మావాళ్లు. అంత ముఖ్యమా అది?
– ఆర్.కె., కరీంనగర్

జవాబు: ముఖ్యమే నాయనా. ఆచారం మాట అటుంచి, చట్టం కూడా దాని పేరెత్తి మాట్లాడింది. 1955 హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం పెళ్లి ఏ పక్షం ఆచారం ప్రకారమైనా జరగవచ్చు. ఆ ఆచారంలో సప్తపది ఉంటే, ఏడో అడుగు పడినప్పుడే పెళ్లి పూర్తయినట్టు. సప్తపది లేని ఆచారాలు ఉన్నవారికి వారి పద్ధతే చెల్లుతుంది. మీ ఇంట్లో ఆ ఆచారం ఉంది కాబట్టే కదా వదిలేశామని చెబుతున్నారు! ఏ తంతూ జరగకుండా సర్టిఫికెట్ ఒక్కటి తెచ్చుకున్నంత మాత్రాన హిందూ వివాహం అయిపోదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. పెళ్లంటే ఆటపాటలకీ విందులకీ వేదిక కాదని కూడా ఆ తీర్పులో ఉంది. అలాగని రిజిస్ట్రేషన్ మానేయకూడదు. మన దగ్గర 2002 చట్టం ప్రకారం అది తప్పనిసరి. రెండూ చేయించుకోండి.

ఆ ఏడు అడుగులకు పట్టేది కొద్ది నిమిషాలు. మొదటిది అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతాల కోసం, నాలుగోది సుఖం కోసం, ఐదోది పశుసంపద కోసం, ఆరోది రుతువుల కోసం, ఏడోది యజ్ఞాల కోసం. ఏడూ నడిచాక వరుడు వధువుతో 'నాకు సఖివి కా' అంటాడు. పెళ్లి మొత్తంలో వరుడు స్నేహం అడిగే చోటు అది. మా పురోహితులుగారు అడుగు అడుక్కీ ఆగి తెలుగులో చెప్పారు. పందిట్లో సగంమంది నిద్రపోతున్నారు, మేమిద్దరం మాత్రం పూర్తిగా మేలుకుని విన్నాం. మీ పురోహితుణ్ణి ముందే అడిగి ఆ వ్యవధి పెట్టించుకో. ఆలస్యమైతే స్టేజి మీద గిఫ్టులిచ్చి ఫోటోలు దిగే వరుసని తగ్గించుకోవచ్చు. చుట్టాలు నొచ్చుకోరు, వాళ్లకీ ఆకలే.

ప్రశ్న: మా పెళ్లి డాలస్‌లో. ఇండియాలో మా తాతగారు పెట్టిన ముహూర్తాన్నే ఇక్కడి టైమ్‌కి మార్చుకుంటే సరిపోతుందా? జీలకర్ర బెల్లం ఆ నిమిషానికే పెట్టాలా?
– ఎస్.పి., డాలస్

జవాబు: గంటలు లెక్కేసి మార్చుకుంటే సరిపోదు. లగ్నం మనం ఉన్న చోటిని బట్టి, అక్కడి సూర్యోదయాన్ని బట్టి వస్తుంది. ఒక్కో లగ్నం సుమారు రెండు గంటలుంటుంది. అక్కడ తెల్లవారే వేళ, ఇక్కడ తెల్లవారే వేళ ఒకటి కావు కదా. తాతగారికి డాలస్ అక్షాంశం, రేఖాంశం పంపి ఆ ఊరికే గుణించమనండి. లేదా అక్కడి గుడిలో పురోహితుల్ని అడిగి, వారు చెప్పింది తాతగారికి వినిపించండి. ఆయనకీ తృప్తిగా ఉంటుంది. వేసవిలో అక్కడ గడియారం ఒక గంట ముందుకు జరుపుతారు కాబట్టి అది కూడా చూసుకోమనండి.

శుభలేఖలో వేసే సుముహూర్తం మన తెలుగువారికి జీలకర్ర బెల్లానిదే. మంగళసూత్రం దాని తర్వాత. కాబట్టి అవును, ఆ నిమిషానికే పెట్టండి. జీలకర్ర ముందురోజే నానబెట్టి బెల్లంతో మెత్తగా నూరించి ఉంచండి, పీటల మీద కూర్చున్నాక వెతుక్కోవద్దు. తమలపాకులు మీ దగ్గర ఇండియన్ స్టోర్లలో దొరుకుతాయి గానీ త్వరగా వాడిపోతాయి. తడిగుడ్డలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి, పొడుగుకాడ ఉన్నవి వేరేగా తీసి ఉంచండి.